మిరుగం దాకా లేవని రోకళ్లు

మా ఊరివాళ్లకు బుద్ధి తక్కువ అంటే ఇప్పటికీ కొందరికి కోపం వస్తుంది. నన్ను కలుపుకొనే అంటున్నాను కాబట్టి ఆ కోపం దండగ. ఇది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం జరిగిన సంగతి. మంచిర్యాలకు రెండు కోసుల దూరంలో మా ఊరు. ఆ ఏడు బావుల కింద యాసంగి వరి కోతకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, గాలి దుమారం లేచి, రాళ్లవాన మొదలైంది. ఒక్కో రాయి రేగుపండంత ఉంది.

మా వాడకట్టులో శంకరవ్వ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నలుగురి ఇళ్లలో వడ్లు దంచి, కూలి కింద నూకలూ తవుడూ తెచ్చుకునేది. నూకలు తాను వండుకొని, తవుడు బర్రెలున్నవాళ్లకిచ్చి చల్ల తెచ్చుకునేది. రాళ్లవాన పడితే రోకలి తీసి వాకిట్లోకి విసరడం మా దిక్కు ఆచారం. అట్లా చేస్తే రాళ్లు ఆగుతాయని నమ్మకం. ఆ రోజు అందరం నెత్తిన చాటలు పెట్టుకొని పశువుల వెంట ఉరుకుతుంటే, రోకలి గుర్తొచ్చింది శంకరవ్వ ఒక్కదానికే. విసిరింది. రాళ్లు ఆగాయి. అప్పటికి ఎలాగూ ఆగేవేనేమో, నాకు తెలియదు. పక్క ఊరి వరి మాత్రం గింజ మిగలకుండా రాలిపోయింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు. శంకరవ్వ నోరు మంచిదే గానీ ఆ సాయంత్రం జర పెద్దదైంది.

"నా రోకలి దెబ్బకు మబ్బే మర్లిపోయింది," అని బావి కాడ చెప్పుకుంది.

ఆ మాట పటేలు కొమురెల్లి చెవిన పడింది. కొమురెల్లి పటేలుకు ఏ పనైనా చిన్నగా చేయడం చేతకాదు. నలుగురిని వెంటేసుకొని వచ్చేసరికి శంకరవ్వ రోకలిని ఎత్తబోతోంది.

"ఆగు శంకరవ్వా, లేపకు. మిరుగం దాకా రాళ్ల భయం ఉంటది. గప్పటిదాక నీ రోకలి గట్లనే ఉండాలె."

"మిరుగం దాకనా? మరి నేనేం తినాలె పటేలా? రేపు లచ్చయ్యోళ్ల ఇంట్ల దంచుడున్నది."

"ఊరంతా నీ పేరు చెప్పుకొని తింటున్నది. నీకేం ఫికర్?"

మిరుగమంటే మృగశిర కార్తె. దానికి ఇంకా నలభై రోజులుంది.

తెల్లారేసరికి రోకలికి పసుపు, కుంకుమ పడ్డాయి. మూడోనాడు ఎవరికో అనుమానం వచ్చింది, ఒక్క రోకలి ఊరంతటికీ ఎట్లా సరిపోతుందని. దాంతో ఇంటింటి రోకలీ వాకిట్లోకి వచ్చి పడుకుంది. వాటిని దాటకూడదు కాబట్టి పక్కింటికి పోవాలన్నా ఊరు చుట్టి పోయేవాళ్లం. రాళ్ల నష్టం రాసుకోవడానికి వచ్చిన రెవెన్యూ గిర్దావరు ఆ వరసలు చూసి, "మీ ఊరికేమైంది?" అని అడిగాడు. "ఏం కాలే సార్, రోకళ్లు అడ్డం పడ్డయ్," అన్నాడు పటేలు. ఆయన నష్టం లేదని రాసుకొని, రోకళ్ల చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

శంకరవ్వ రోకలికి కాపలా వంతులు పెట్టారు. నాకు రెండుసార్లు పగటి వంతు వచ్చింది. వడగాడ్పులో కూర్చొని, ఎండకు పగులుతుందేమోనని దానికి గొడుగు పట్టాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

"హనుమండ్లూ, జర అటు మర్లి కూసో బిడ్డా. కుంచెడు వడ్లు దంచుకొని మళ్ల ఆడనే పెడ్త," అంది శంకరవ్వ.

"పటేలు ఊకోడు అవ్వా," అన్నాను.

ఆ రోజుల్లో ఆమె ఎండిన ఇప్పపువ్వు ఉడికించుకొని తిన్నదని తర్వాత తెలిసిందని అందరితో చెబుతూ వచ్చాను. అబద్ధం. నాకు అప్పుడే తెలుసు.

ఇక వడ్లు ఇళ్లకు చేరాయి, దంచడానికి ఊళ్లో లేచే రోకలి లేదు. మంచిర్యాలలో కొత్తగా రైసుమిల్లు పెట్టారని మా వాడకట్టు వెంకటి బండి కట్టాడు. వాడు తెచ్చిన తెల్లటి బియ్యం చూసి అందరూ బండ్లు కట్టారు. నూకలూ తవుడూ మిల్లులోనే ఉండిపోయాయి.

మిరుగం వచ్చింది. డప్పులు కొట్టించి, పటేలు తన చేత్తో రోకలి ఎత్తి, కొత్త రవికెబట్టతో శంకరవ్వకు అప్పజెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఆమె దాన్ని భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగింది. అందరిదీ ఒకటే మాట, "మిల్లుకు పట్టించినం అవ్వా." మా ఇంటికీ వచ్చింది. నా భార్య నర్మద మానెడు బియ్యం పెట్టబోయింది.

"దంచి తింట బిడ్డా, అడుక్కొని కాదు," అని వెళ్లిపోయింది. ఆ వానకాలం, వంగిన నడుముతోనే నాట్లకు పోయింది.

మరుసటి ఎండాకాలం మళ్లీ అదే మబ్బు. ఇంటింటి రోకళ్లూ వాకిళ్లలో పడ్డాయి గానీ, అసలుది శంకరవ్వది కదా. పటేలూ నేనూ ఆమె ఇంటికి ఉరికాం. గడపలో కూర్చొని ఉంది.

"అవ్వా, తొందరగ రోకలి వెయ్యి," అన్నాడు పటేలు.

"లేదు పటేలా. ముసురుల కట్టెలు దొరకక పొయ్యిల పెట్టిన."

"మరి ఇప్పుడెట్ల?"

"గా మంచిర్యాల మిల్లు తెచ్చి వాకిట్ల ఏస్కోండ్రి."

మొదటి రాయి పటేలు భుజం మీద పడింది. ఇద్దరం మబ్బుకేసి చూస్తూ నిలబడ్డాం. శంకరవ్వ విసుక్కుంది.

"ఏం చూస్తున్నరు? నెత్తులు పగుల్తయ్. లోపలికి రాండ్రి."

పోయి కూర్చున్నాం. బయట మా వరి రాలిపోతోంది. కాసేపటికి ఆమే, "తిన్నరా?" అని అడిగింది.

ఆ నలభై రోజుల్లో మాలో ఒక్కరం కూడా ఆమెను ఆ మాట అడగలేదు.