ఉప్పెక్కిన మంచినీళ్లు

గల్ఫ్‌లో సెలవురోజైన శుక్రవారం, చర్చి ఆరాధనకు వెళ్లేముందు మార్తమ్మ మంచినీళ్ల డబ్బా వంచి కుండ నింపుకునేది. వాళ్లుండే మనామా నయీమ్ పేటలో కుళాయి నీళ్లు నోట పెట్టలేం, తాగేవి కొనుక్కోవాల్సిందే. కొన్న నీళ్లయినా సరే, ఇంట్లో ఎవరైనా ఏదైనా దాచారంటే ఆ కుండలో ఉప్పెక్కిపోయేవి. ఆమె భర్త చనిపోయేముందు గుండెనొప్పి దాచిన వేసవంతా ఇంటిల్లిపాదీ ఉప్పటి టీ తాగారు. కూతురు అక్సా పరీక్ష తప్పిన సంగతి ఒక్క గుక్కలో తేలిపోయింది. నీళ్లు ఇలా ఉప్పెక్కడం గురించి ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. "ఎవరర్రా?" అని అడిగేవారు, అంతే.

రెండువేల తొమ్మిది ఎన్నికలకి కొడుకు బెన్‌హర్ సొంత ప్రాంతమైన కోనసీమ వెళ్లి ఎమ్మెల్యేగా నిలబడబోతున్నాడు. మనామాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి పైకొచ్చినవాడు. పింఛను నుంచి రోడ్డు కాంట్రాక్టు దాకా ప్రతి సర్కారు కాగితం జనం కంప్యూటర్లో చూసుకోవాలన్నది వాడి పట్టుదల. పార్టీ టికెట్టిచ్చింది. సాగనంపే ప్రార్థనకు చర్చి సంఘమంతా ఇంటికొచ్చింది.

కోడలు రెబెకా టీ అందించింది. సంఘపెద్ద ఎలియేజరు ఒక గుక్క తాగి గ్లాసు దింపాడు.

"ఏం మార్తమ్మా, పాలకి బదులు సముద్రం పోశావా?"

అందరూ నవ్వారు. బెన్‌హర్ నవ్వలేదు. తల్లి వెనకే వంటింట్లోకి వచ్చాడు.

"ఏం దాచావురా?"

"గెలిస్తే ఆ కాగితాలు కంప్యూటర్లో పెట్టే కాంట్రాక్టంతా పార్టీ పెద్దగారి అల్లుడికిప్పిస్తానని మాటిచ్చానమ్మా. లేకపోతే టికెట్టు రాదు. ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకో."

"జనానికి చూపిస్తానన్న వాటిల్లో ఇదుంటుందా?"

"చెబితే అంతా పోతుంది."

"పోతుందేమో నాన్నా. మీ నాన్నగారు చెప్పుంటే ఆస్పత్రికన్నా తీసుకెళ్లేవాళ్లం."

ప్రయాణమయ్యేవాడు లేచి అందరి ముందూ తన సంగతి సాక్ష్యంగా చెప్పందే సంఘం తలమీద చేతులుంచి ప్రార్థించదు. ముందుగదిలోకొచ్చి కూర్చున్న బెన్‌హర్ లేచాడు. తయారుచేసుకున్న మాటలు వదిలేసి, ఇచ్చిన మాట సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎలియేజరు లేచొచ్చి వాడి తలమీద చెయ్యి పెట్టాడు.

కబురు ఎలా దాటిందో, జనం ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే పార్టీ నుంచి ఫోనొచ్చింది. టికెట్టు వేరేవాళ్లకిచ్చేశారట.

"వెళ్లడం మానేస్తావా?" రెబెకా మెల్లిగా అడిగింది.

"లేదు. స్వతంత్రుడిగా నిలబడతాను. గెలవను, తెలుసు."

కంప్యూటరు ముందు కూర్చుని, జనం చూడాల్సిన మొదటి కాగితంగా తనిచ్చిన మాట సంగతే టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. మార్తమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఆ మామా అల్లుళ్ల పేర్లు వెయ్యనా అమ్మా?"

"వేద్దువుగాని. ముందు నీది వెయ్యి నాన్నా."