పదకొండు ముడులు

గాలికి తాడు ఊగుతోంది.

తాడును పట్టుకుని తీగ ఊగుతోంది.

తీగకు ఐదో ఆరో ఆకులు. చివర ఒక లేత కొస... ఇంకా దేన్నీ పట్టుకోనిది, గాలిలో తడుముకుంటున్నది.

మూడో అంతస్తు బాల్కనీ. మబ్బు పట్టిన ఉదయం. కింద బడి మైదానంలో పిల్లల కేకలు.

ఆ ఇంట్లో నేను మొదట చూసింది అదే. చూశాను. చూసి ఊరుకున్నాను.

నా ఉద్యోగమే చూడటం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్తాను. వాళ్లకు ఏ సాయం కావాలో చూసి, కాగితం మీద రాస్తాను. పన్నెండు ప్రశ్నలు. ప్రశ్నకు నాలుగు మార్కులు. లేవగలరా, నడవగలరా, నీళ్లు పోసుకోగలరా... నేను వేసిన మార్కులను బట్టి మా సహాయ కేంద్రం కదులుతుంది. రోజూ రెండు గంటలు తోడుండే మనిషి. ఆసుపత్రికి బండి. గోడకు బిగించే స్టీలు కడ్డీ.

ఈ పరీక్షలో ఒక తిరకాసు ఉంది.

మార్కులు తక్కువ వస్తేనే సాయం. నిండా వస్తే ఏమీ రాదు.

ఆ సంగతి ముందుగా ఎవరికీ చెప్పకూడదు. చెబితే పరుగెత్తేవాళ్లు కూడా కుంటుతారని మా పెద్దసారు భయం. కుంటి నడక నటించేవాళ్ల గురించి రెండు పేజీల నిబంధనలు రాసుకున్నాం. కుంటుతూ కూడా పరుగు నటించేవాళ్లుంటారని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆవిడ ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు టీచరు. మెడలో ఈల. అందుకే ఆ వీధి వీధంతటికీ ఆవిడ ఈల టీచరే. పెళ్లి చేసుకోలేదు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ ముందే పోయారు. సాయం కావాలని దరఖాస్తు పెట్టింది కూడా ఆవిడ కాదు. పక్కింట్లో ఉండే కుట్టుమిషనామె, ఆవిడకు చెప్పకుండా.

తలుపు తీసే సరికే నిలువుగా నిలబడి ఉంది.

తెల్లని జుట్టు, నున్నగా దువ్వి. వెన్ను గీత గీసినట్టు.

"అడగమ్మాయీ. మొదటి ప్రశ్నేంటి?"

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాను. లేచింది. మళ్లీ కూర్చోమన్నాను. కూర్చుంది. మళ్లీ లేచింది, నేను చెప్పకముందే.

పై పెదవి మీద చెమట.

"ఎండగా ఉంది కదూ," అంది.

బయట మబ్బు. గాలి. పాడు ఎండ ఎక్కడుంది?

నాలుగు మార్కులు వేశాను.

గ్లాసులో నీళ్లు పోసి ఇమ్మన్నాను. సగమే పోసింది. నేను గ్లాసు వైపు చూడటం చూసి నవ్వింది.

"నిండుకుండ తొణకదంటారు గానీ, నిండు గ్లాసు తొణుకుతుందమ్మాయీ."

నవ్వాను. నాకు జోకులంటే చచ్చేంత ఇష్టం. నవ్వుతూనే నాలుగు వేశాను.

మంచం నుంచి స్నానాలగది దాకా గోడ వెంట మేకులు. ఐదు. నడుము ఎత్తులో. పటాలు తగిలించుకునే మేకులు అంత కిందికి ఎందుకుంటాయి?

ఆ ప్రశ్న నాకు వచ్చింది. నిజం... వచ్చింది. కాగితం మీద దానికి గడి లేదు.

బాల్కనీలోకి నడవమన్నాను. నాలుగడుగులు. నడిచింది. వెళ్లి కటకటాలు పట్టుకుని, వీపు నా వైపు పెట్టి నిలబడింది. పక్కనే తాడు. పై కమ్మీకి కట్టి ఉంది. బొటనవేలంత లావు. పొడవునా ముడులు. అంత చిన్న తీగకు అంత పెద్ద తాడు.

"మోకు కట్టారేంటి టీచరుగారూ, తీగకి?"

ఆవిడ కటకటాలు వదల్లేదు.

"తీగన్నాక దానికి ఆసరా కావాలి కదమ్మాయీ," అంది.

తీగ గురించే అనుకున్నాను.

మిగిలింది పన్నెండో ప్రశ్న. అవసరమైనప్పుడు ఇతరుల సాయం అడగగలరా? అప్పటికే ఆలస్యమైంది. ఆ రోజు ఇంకా ఐదు ఇళ్లున్నాయి. ఇంత చురుకైన మనిషిని అదేం అడుగుతాం? అడక్కుండానే నాలుగు వేసేశాను.

నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది. నా పదకొండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి. ముచ్చటేసింది కూడా.

మెట్ల మీద కుట్టుమిషనామె ఎదురొచ్చింది. మెడలో టేపు, వేళ్ల మధ్య సూది.

"మేడమ్... ఆ తాడు చూశారా?"

"చూశాను. తీగ బాగా పెరుగుతుంది లెండి," అన్నాను.

దిగిపోయాను.

ఆమె ఇంకేదో అనబోయింది. ఆ అనబోవడం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్లింది. 'తమకు ప్రస్తుతం ఎటువంటి సహాయమూ అవసరం లేదని సంతోషంతో తెలియజేస్తున్నాము.' సంతోషంతో! ఆ మాట అచ్చులోనే ఉంటుంది. మార్చడానికి వీల్లేదు.

పందొమ్మిదో రోజున ఈల టీచరు పడిపోయింది.

కుట్టుమిషనామె మా ఆఫీసుకే వచ్చి చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. నా బల్ల అంచు పట్టుకుని నిలబడే చెప్పింది.

ఆ తాడు తీగది కాదు. ఆవిడది. మంచం దగ్గర మొదలై, ఐదు మేకుల మీదుగా స్నానాలగది దాకా. ముడి ముడికీ చెయ్యి వేసి, ముడి ముడికీ ఒక అడుగు. రెండేళ్లుగా అలాగే నడుస్తోంది. నేను వస్తున్నానని తెలిసి నాలుగు రోజులు ప్రాక్టీసు చేసింది. నేను వెళ్లే రోజు పొద్దున్నే ఈమె చేతే తాడు విప్పించి తీగకు కట్టించింది.

"ఒట్టు వేయించుకుంది మేడమ్, మీకు చెప్పొద్దని. మార్కులు తక్కువొస్తే ఎక్కడికో తీసుకెళ్లి పడేస్తారని భయం. మీరు వెళ్లాక పొద్దుగూకేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు తెలుసా?"

"మరి తర్వాతైనా... తాడు మళ్లీ కట్టుకోవచ్చు కదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది.

"కడతానన్నాను. మీ ఉత్తరం చూపించింది. నిండా మార్కులొచ్చినదానికి తాడెందుకే అంది. అద్దానికి అంటించుకుంది మేడమ్ దాన్ని."

పడ్డాక కూడా ఎవర్నీ పిలవలేదట. మెడలో ఈల ఉంటే ఊదిందట. కింద మైదానంలోదేలే అనుకుని ఈమె మిషను తొక్కుతూనే ఉంది. రెండు జాకెట్లు పూర్తయ్యాక గాని, ఆ రోజు బడికి సెలవని గుర్తు రాలేదు.

అక్కడ ఏడ్చింది ఆమె. నాకు ఏడవడానికి ముఖం చెల్లలేదు.

ఆసుపత్రి కిటికీ పక్క మంచం. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. తుంటి మీద కమిలిన దెబ్బ. అక్కడ ఎముక విరగకపోవడం అదృష్టం అన్నారు. నా చేతిలో కొత్త కాగితం. అవే పన్నెండు ప్రశ్నలు.

నన్ను చూడగానే ఎడమచేత్తో మంచం కమ్మీ పట్టుకుంది. లేవబోయింది. వెన్ను నిలబెట్టబోయింది. పై పెదవి మీద మళ్లీ ఆ చెమట. ఇప్పుడు కనబడింది నాకు.

"టీచరుగారూ... స్టాండ్ ఎటీజ్," అన్నాను.

చెయ్యి ఆగింది. నన్ను ఎగాదిగా చూసింది. మెల్లగా దిండు మీదికి వాలిపోయింది.

అప్పుడు చెప్పేశాను. చెప్పకూడని మాట. తక్కువొస్తేనే సాయం అని. నిండా మార్కులు వేసి మీ కడ్డీని, మీ తోడు మనిషిని నేనే ఆపేశానని. క్షమించమని కూడా అన్నాను. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

ఆవిడ పైకప్పు వైపు చూసింది.

"ముందే చెప్పుంటే శుభ్రంగా ఫెయిలయ్యేదాన్ని కదే!"

ఇద్దరం నవ్వాం. నవ్వు ముందు ఆవిడ దగ్గరే ఆగిపోయింది.

"అబద్ధం... అయ్యేదాన్ని కాదులే."

ఒక్కో ప్రశ్నా అడిగాను. ఒక్కోదానికీ చూసింది చూసినట్టు రాశాను. సున్నాలు రాస్తుంటే చెయ్యి నొప్పెట్టింది. చివరికి పన్నెండోది. ఈసారి గట్టిగా చదివాను.

"అవసరమైనప్పుడు ఇతరుల సాయం అడగగలరా?"

కిటికీ వైపు తిరిగింది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడం రానివాళ్లు ఏం తింటారో ఎవరూ చెప్పరు.

"గురువారం ఇంటికి పంపుతారట," అంది, కిటికీతోనే.

తెలుసు. మా కమిటీ కూర్చునేది వచ్చే నెల. అప్పటిదాకా తోడు లేదు, కడ్డీ లేదు. ఎవరి కాళ్లు పట్టుకున్నా ఆ తేదీ ముందుకు జరగలేదు. కుట్టుమిషనామె వచ్చి చూస్తుంది... మిషను వదిలి ఎన్నిసార్లు రాగలదు?

"ఒక పని చేసిపెట్టమ్మాయీ. ఆ తీగ జోలికి పోకు, అల్లుకునుంటుంది. కొత్త తాడు తెచ్చి మేకులకు కట్టు. ముడులు మాత్రం దాని లెక్కనే వెయ్యి. పదకొండు. నాకు ఎడమచెయ్యి ఉందిగా, చాలు."

గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం కిటికీ మీంచి కదలలేదు.

ఆ ప్రశ్నకు ఎన్ని వెయ్యాలో తెలియలేదు. గడి ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు బాల్కనీలో నేల మీద కూర్చున్నాను. ఒళ్లో కొత్త తాడు. పక్కింట్లో మిషను చప్పుడు... ఆగుతోంది, వింటోంది, మళ్లీ సాగుతోంది. గదిలో అద్దానికి ఉత్తరం అలాగే ఉంది. దాన్ని చించే ధైర్యం నాకు లేదు.

పాత తాడు మీద చెయ్యి పెట్టి కొలుస్తున్నాను.

మొదటి ముడి నుంచి రెండో ముడికి మూరెడు. అక్కడ నేనూ ఒక ముడి వేశాను. రెండు నుంచి మూడు... మూరెడే. మంచం దిగగానే ఓపిక ఉండేది కాబోలు.

ఐదో ముడి దాటాక లేచి నిలబడి కొలిచాను. మూర తగ్గింది.

ఏడు దగ్గర జానెడు.

ఎనిమిది దగ్గర జానెడు. తొమ్మిది దగ్గర ఇంకా తక్కువ.

పదో ముడికి బెత్తెడు.

బెత్తెడు. నా నాలుగు వేళ్లు. స్నానాలగది గుమ్మం ఎదుటే కనిపిస్తూ ఉండగా, ఒక మనిషి అడుగు బెత్తెడైపోవడం... ఆ పొద్దున ఇదంతా నా మొహం ముందే వేలాడింది. పన్నెండు ప్రశ్నలూ అక్కర్లేదు. ఒక్కసారి చెయ్యి వేసి తడిమి ఉంటే చాలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. నా చేతి నిండా నిజంగా ఆకులే. మూడు వారాల్లో తీగ కమ్మీ దాకా పాకింది. పై కొసనంతా కమ్మేసింది.

పదకొండో ముడి కనబడటం లేదు.

ఆకుల కింద వేళ్లు పెట్టి వెతుకుతున్నాను. ఎంత దూరంలో ఉందో... ఇంకెంత దగ్గరకు వచ్చేసిందో.

గాలికి తాడు ఊగుతోంది.

తాడును పట్టుకుని తీగ... తీగను పట్టుకుని నేను.