చెయ్యి విరిగిన మరియమాత

మల్లికార్జునరావుకి దేవుడంటే భయం, భయం కన్నా పద్ధతి ఎక్కువ. ఆ పద్ధతే కొంప ముంచింది.

2014 క్రిస్మస్‌కి దుబాయ్‌లో ఒక హోటల్ తన లాబీలో గోవా కేథడ్రల్ సెట్టు కావాలంది. సెట్లు వేసే కంపెనీలో డిజైనరు ఈయనే. పోర్చుగీసువాళ్ల కట్టడాల పుస్తకాలన్నీ తిరగేసి, మెలికల స్తంభాలు, వంపులు తిరిగే గోడ అంచులు, బంగారు పూత బలిపీఠం, అన్నీ థర్మోకోల్‌తో, ప్లాస్టర్‌తో దింపేశాడు. గోపురం మాత్రం ఒక్కటే పెట్టాడు.

"రెండోదేదీ? యల్లా, కానియ్, అదీ పెట్టు," అన్నాడు హోటల్ ముదీర్, అంటే మేనేజరు.

"గోవాలో అసలు దానికే లేదు సార్. ఎప్పుడో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. అయినా జనం అక్కడ ప్రార్థన మానలేదు," అని వాదించి గెలిచాడు. మహా మురిసిపోయాడు కూడా!

అల్ నహ్దాలో ఆయనింట్లో వంట చేసే సుబ్బాయమ్మది నరసాపురం వైపు, క్రైస్తవురాలు. ఓ మధ్యాహ్నం సెట్టు చూపిద్దామని తీసుకెళ్తే, పీఠం మీది మరియమాత ముందు కూలబడి ఏడ్చేసింది.

"ఇంటికాడ మా పిల్ల పోయిన కాణ్నుంచీ ఎవరి ముందు ఏడవాలో తెలీడం లేదండి. పండగయ్యాక ఈ తల్లిని నాకిప్పించండి అయ్యగారూ. రోలాలో నేనుండే గదిలో నా మంచం పక్కన పెట్టుకుంటాను."

పండగయ్యాక సెట్టంతా ఎలాగూ చెత్తలోకే. "నీకేనమ్మా," అని మాటిచ్చాడు.

సెట్టు విప్పుతుంటే విగ్రహం జారి కుడిచెయ్యి ఊడింది. విరిగిన విగ్రహం ఇంట్లో ఉంటే అరిష్టం, దాన్ని తీసుకెళ్లి పిల్లని పోగొట్టుకున్న మనిషి నెత్తిన పెట్టడమా? శివశివా! మర్నాడు తెల్లవారుతూనే మమ్జర్ తీరానికి పట్టుకెళ్లాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త గుడ్డలో చుట్టి, దండం పెట్టుకుని నీళ్లలో వదిలాడు. తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చాడు.

సుబ్బాయమ్మ అప్పటికే తల్లిని చుట్టి తీసుకెళ్లడానికి మెత్తటి పాతచీర తెచ్చుకుని కూర్చుంది. జరిగింది చెప్పాడు.

"దెబ్బ తగిలిందని నీళ్లలో పారేశారా?"

"పారెయ్యలేదమ్మా, నిమజ్జనం చేశాను."

"దెబ్బ తగిలితే దగ్గరికి తీసుకుంటాం కదండీ."

కూలిన గోపురం గురించి ముదీర్‌తో తను పలికిన గొప్పలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, మల్లికార్జునరావుకి తల కొట్టేసినట్టయింది. ఛీ, ఏం చదివి ఏం లాభం!

"పోనీ, ఆ ఊడిన చెయ్యైనా ఉందాండీ? అది చాలు నాకు."

ఉంటే ఎంత బాగుండు! ఎవరి కాళ్ల కింద పడుతుందోనని, దాన్ని విడిగా మూటగట్టి, రాయి కట్టి, అన్నిటికన్నా ముందు వదిలింది దాన్నే.

"లేదమ్మా," అన్నాడు.

సుబ్బాయమ్మ చీర మడిచి సంచీలో పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది.

"పప్పులోకి ఏం వెయ్యమంటారండీ?" అని అక్కణ్నుంచే అడిగింది.