సన్నాయి బుల్లియ్య భార్య

పెద్దాపురం చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా సన్నాయి బుల్లియ్యదే. తాగి పడున్నా లేపి, మజ్జిగ పట్టించి మరీ పందిట్లోకి తీసుకెళ్ళేవారు. సన్నాయి నోట పెట్టాక అతను తాగినట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఇంట్లో భార్య వీరదుర్గకి తెలిసేది. ఒకసారి అతను తోసేస్తే గడప మీద పడి ఆమె చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని పుట్టింటికి పోతానంటే, ఊరి పెద్ద సత్యనారాయణగారు వచ్చి కూర్చున్నారు.

"అలాంటి విద్వాంసుడు మళ్ళీ పుట్టడమ్మా. కాస్త సర్దుకో," అన్నారు.

సర్దుకుంది. ఆ చెయ్యి ఇప్పటికీ బిందె ఎత్తితే లాగుతుంది.

కామెర్లు వచ్చి చావు తప్పాక బుల్లియ్య తాగుడు మానేశాడు. మానేసి రెండేళ్ళయింది. ఈ వేసవిలో ఎవరో పాత వీడియో ఒకటి ఫోన్లలో పంపించారు. అందులో అతను తూలుతూ, డోలు వాయించేవాణ్ణి బూతులు తిడుతున్నాడు. ఊరంతా చూసింది.

జాతర ముందు సత్యనారాయణగారే వచ్చారు. ఇప్పుడాయన గుడి కమిటీ ప్రెసిడెంటు. బుల్లియ్య లోపలున్నా, అరుగు మీద వీరదుర్గతోనే మాట్లాడారు.

"ఈసారి వేరే మేళాన్ని పిలిచామమ్మా. మనిషి మంచివాడు కానప్పుడు ఎంత వాయిస్తే ఏంటంటున్నారు కుర్రాళ్ళు. వాళ్ళన్నదీ న్యాయమే."

"నా చెయ్యి విరిగినప్పుడు సర్దుకోమన్నది మీరేగా అండి."

"అప్పటి రోజులు వేరమ్మా."

"ఆయనిప్పుడు తాగట్లేదండి."

"తెలుసు. కానీ అందరూ చూసేశారు కదా."

ఆయన మంచినీళ్ళడిగితే ఆమె ఇచ్చి పంపింది.

లోపల బుల్లియ్య గోడవైపు తిరిగి పడుకునున్నాడు.

"వాళ్ళన్నది నిజమే," అన్నాడు. "నిన్ను కొట్టింది ఎవరూ వీడియో తియ్యలేదు గానీ."

ఆ మాట కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఇప్పుడు వింటే సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు. కాసేపు ఎక్కడైనా కూర్చోవాలనిపించిందంతే.

జాతరకి ఒక్కతే వెళ్ళింది. కొత్త మేళం టైముకే వచ్చింది. సన్నాయి వాయించే అబ్బాయి నెమ్మదస్తుడు, అందరికీ దణ్ణం పెట్టాడు. కీర్తన మధ్యలో శ్రుతి తప్పాడు. జనం ఫోన్లు ఎత్తి వీడియో తీసుకుంటూనే ఉన్నారు. ఆ తప్పు తన చెవికి తెలిసినందుకు వీరదుర్గకి తనమీదే విసుగొచ్చింది.

ఇంటికొచ్చాక, "ఎలా వాయించాడు?" అనడిగాడు బుల్లియ్య.

"శ్రుతి తప్పాడండి. అయినా ఎవరూ లేచి వెళ్ళలేదు."

అతను తలూపాడు. ఆమె కంచాలు పెట్టింది. ఇద్దరూ అన్నం తిన్నారు.