మేడ మీద పావుగంట

ఇబ్రహీంపట్నంలో వాళ్ల మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి లారీల దుమ్ము పట్టేది. ఇంటిల్లిపాదీ తిట్టుకునేవారు, మనోజ్ఞ తప్ప. రోజూ నాలుగింటికి మూడేళ్ల కూతుర్నీ ఏడు నెలల కొడుకునూ అత్తగారు రావమ్మకు అప్పగించి, తడిబట్టల బకెట్టుతో పైకి వెళ్లేది. ఆరేయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత పావుగంట నీళ్ల ట్యాంకు నీడలో, గాలికి జుట్టు వదిలేసి ఊరికే కూర్చునేది. రాత్రంతా నిద్రలేని తల అక్కడ చల్లబడేది. కిందికి దిగాక పిల్లవాడి ఏడుపు తలలో మేకు దిగినట్టుండేది కాదు, పసివాడి ఏడుపులాగే వినిపించేది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊరికే కూర్చోవడానికి పావుగంట కావాలని ఏ కోడలు నోరు తెరిచి అడుగుతుంది?

ఇంతలో పిల్లవాడికి దగ్గు పట్టుకుంది. బట్టల మీది దుమ్మేనన్నాడు డాక్టరు. మోటార్ల మెకానిక్ చక్రి మంచి మొగుడు, వచ్చిన చిక్కల్లా అదే. ఆదివారమంతా కూర్చుని వంటగది కప్పుకు కప్పీలు బిగించి, తాడు లాగితే కిందికి దిగే దండెం కట్టాడు. దుమ్ము లోపలికి రాకుండా మేడ తలుపుకు తాళం వేశాడు.

"ఇంక నువ్వా మెట్లన్నీ ఎక్కక్కర్లేదు," అన్నాడు గర్వంగా.

"అదృష్టవంతురాలివే అమ్మాయ్," అంది రావమ్మ.

మనోజ్ఞ నవ్వింది. బిడ్డ దగ్గు కంటే నా పావుగంట ఎక్కువా అని లోలోపల సిగ్గుపడింది కూడా.

దగ్గు తగ్గింది. మూడో వారానికి మనోజ్ఞకు అన్నం సహించడం మానేసింది. తలెత్తితే తడిబట్టలు, తల దించితే పిల్లలు. "పాలిచ్చే తల్లికి నీరసం మామూలేలే," అని రావమ్మ చుట్టాల పెళ్లికి పామర్రు వెళ్లింది.

ఆ మధ్యాహ్నం పిల్లవాడు రెండు గంటలు గుక్కపట్టి ఏడ్చాడు. ఎత్తుకుని తిప్పీ తిప్పీ, ఒక్కసారిగా మనోజ్ఞ వాడి జబ్బలు పట్టుకుని ఊపేసింది. వాడి తల వెనక్కి వాలింది. మంచం కింద దూరిన కూతురు చెవులు మూసుకుని తనవంకే చూస్తోంది. మనోజ్ఞ వాణ్ణి ఉయ్యాల్లో వేసి, బయటికొచ్చి గడియపెట్టి, మొగుడికి ఫోన్ చేసింది.

చక్రి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. లోపల ఇద్దరూ ఏడుస్తున్నారు.

"పిల్లల్ని లోపలుంచి గడియ పెట్టావేంటే?"

"నేను లోపలుంటే వాణ్ణి చంపేస్తానండీ."

చక్రి ఆమె మొహంలోకి చూశాడు. నవ్వుతుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆమెకు తగలకుండా పక్కనుంచి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపలి గడియ పడింది.

తన మాట నమ్మాడని, తనకు భయపడే గడియ వేసుకున్నాడని మనోజ్ఞకు అర్థమైంది. ఆ వెంటనే, ఎన్నాళ్లకో, ఊపిరి తేలిగ్గా ఆడింది.