మూడో మూత

బావమరిది బతక కోరతాడని సామెత. వెండెల్ బావమరిది ఆర్లో కోరింది మాత్రం బావ బతుకు కాదు, బావ మోటార్‌సైకిలు. ఆ పాత ఎర్ర బండి మీద అతని కన్ను పడి చాలా ఏళ్లయింది.

అయినా ఆర్లోని అనుకుని ఏం లాభం, తప్పు వెండెల్ నోటిది. మిన్నెసోటా ఉత్తరాన మంచుకి జడిసి నవంబరులో షెడ్డులో పడుకున్న బండి మళ్లీ లేచేది మే నెలలోనే. మే మొదటి ఆదివారం ఊళ్లో బండ్లన్నీ వరసకట్టి సరస్సు చుట్టూ తిరిగొచ్చి, ఫైర్ స్టేషన్ హాల్లో పాన్‌కేకులు తినడం ఆనవాయితీ. వరసగా రెండేళ్లు ఆ పూట వెండెల్ బండి మొరాయించింది. ఆరు నెలలు నిలవున్న పెట్రోలు కార్బురేటర్‌లో జిగురులా పేరుకుపోయింది. రెండుసార్లూ ఆర్లో బండి వెనక బంగాళదుంపల బస్తాలా కూర్చుని తిరగాల్సొచ్చింది. రెండోసారి ఉక్రోషం పట్టలేక హాల్లో పదిమంది ముందూ అనేశాడు.

"వచ్చే ఏడు ఇది మొదటి కిక్కుకి లేవకపోతే ఆర్లోగాడికి అమ్మేస్తా."

"నోరా, వీపుకి దెబ్బలు తేకే అని ఊరికే అన్నారా," అంది ఇంటికొచ్చాక అతని భార్య వెర్నా. పెళ్లికి ముందు ఆమెను వెండెల్ తిప్పింది ఆ బండి మీదే. అది పోతుందన్న ఆలోచనకే అతనికి అన్నం సయించడం మానేసింది.

పెట్రోలు పాడవకుండా అందులో స్టెబిలైజర్ అనే మందు పొయ్యమని చాలామంది చెప్పారు. ఆర్లో ఒక్కడే కొట్టిపారేశాడు. "అదంతా సీసాలు అమ్ముకునేవాళ్ల మాయ బావా. నేనెప్పుడైనా పోశానా? నా బండి చూడు." నిజమే, ఆర్లో బండి ప్రతి మే నెలలోనూ మొదటి కిక్కుకే లేచేది. ఆ మాట నమ్మి వెండెల్ రెండేళ్లు పొయ్యలేదు.

ఈసారి విడిభాగాల షాపులో ఉండే పెద్దావిడ రెండు మూతలు పట్టే చిన్న సీసా చేతిలో పెట్టి మరీ చెప్పింది. "ట్యాంకు నిండా పెట్రోలుండాలి. మూతెడు పొయ్యి. పోసి ఊరుకుంటే కాదు, పది నిమిషాలు బండి నడపాలి. అప్పుడే అది కార్బురేటర్ దాకా దిగుతుంది."

నవంబరు మొదటి శనివారం వెండెల్ ట్యాంకు నింపాడు, మూతెడు పోశాడు. పది నిమిషాలు నడుపుదామని రోడ్డెక్కాడు. ఎండ కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది, ఊళ్లో మగాళ్లు చాలామంది జింకల వేటకు పోయారు, ఎదురొచ్చే కారు లేదు. పది నిమిషాలు కాస్తా గంటన్నర అయింది. చూసుకుంటే ట్యాంకు సగానికి దిగింది.

సగం ట్యాంకుతో పడుకోబెడితే లోపల చెమ్మ పడుతుంది. బంకుకెళ్లి నింపాడు. కొత్త పెట్రోలుకి మందు లేదు కదా, జేబులోంచి సీసా తీసి అడుగూబొడుగూ మూతెడు పోశాడు. పోశాక మళ్లీ పది నిమిషాలు నడపాలి. నడిపాడు. రోడ్డు ఇంకా పొడిగానే ఉంది మరి, మనిషన్నాక ఆగుతాడా? ఆ వరసలో ఆర్లో ఇంటి దగ్గర తేలాడు. అప్పటికి ట్యాంకు మళ్లీ సగం, సీసా ఖాళీ. పైగా మబ్బు కమ్మి మంచు మొదలైంది. కాఫీ తాగేలోపు చీలమండల దాకా కురిసింది.

"ఇంక ఇది నా షెడ్డులోనే పడుకుంటుందిలే బావా," అన్నాడు ఆర్లో. అతని మొహం వెలిగిపోతోంది. "ఎలాగూ మే నెలలో నాదయ్యేదేగా. ఇప్పట్నుంచే అలవాటు పడనీ."

"పెట్రోలుందిరా?"

"ఆ డబ్బాలో ఉంది, పోసుకో."

"స్టెబిలైజరో?"

"అలాంటి చెత్త నా దగ్గరెందుకుంటుంది?" అని ఆర్లో, బావ ఇక్కడున్నాడని అక్క వెర్నాకి ఫోన్ చెయ్యడానికి లోపలికెళ్లాడు.

వెండెల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. పొద్దుట్నుంచి పడిన పాటంతా మంచు పాలయింది. సరే, కనీసం పెట్రోలైనా పోద్దామని గరాటు కోసం అల్మారాలో వెతికాడు. రంగు డబ్బాల వెనక ఒక సీసా తగిలింది. తీసి చూస్తే స్టెబిలైజర్.

ఆర్లోకి ప్రతిదాని మీదా తేదీ రాసే జబ్బు. ఫ్రీజర్‌లో మాంసం పొట్లాల మీద రాస్తాడు, బల్బుల మీద రాస్తాడు. ఈ సీసా మీదా పెన్సిలుతో ఆరు వరసలున్నాయి. ఏటా అక్టోబరులో ఒక తేదీ, పక్కన 'ఒక మూత'. ఆరేళ్లు.

వెండెల్ చెవులు కాలిపోయాయి. దొంగ వెధవ, తను పోసుకుంటూ నాకు వద్దన్నాడు అనుకున్నాడు. లోపలికెళ్లి కాలరు పట్టుకుందామనిపించింది. తమాయించుకుని ట్యాంకు నింపాడు, ఆ సీసాలోంచే మూతెడు పోసి బండి స్టార్ట్ చేశాడు.

ఆర్లో బయటికొచ్చాడు. "ఎందుకు బావా, దాన్ని ఊరికే అరిపిస్తున్నావ్?"

"చేతులు కాచుకుంటున్నా."

షెడ్డు తలుపు తెరిచి పెట్టుకుని సరిగ్గా పది నిమిషాలు కాచుకున్నాడు. తర్వాత ఆర్లో చెయ్యి పెట్టకుండా తాళంచెవి జేబులో వేసుకుని, స్పార్క్ ప్లగ్, బ్యాటరీ విప్పి తీసుకున్నాడు. ఆర్లో తన ట్రక్కులో దింపుతుంటే బ్యాటరీని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సీసా కోటు లోపలి జేబులో ఉంది. చలికాలమంతా స్పార్క్ ప్లగ్ స్పూన్ల సొరుగులో పడుకుంది, వెర్నా తిడుతూనే ఉంది.

మే మొదటి ఆదివారం ఆర్లో షెడ్డు ముందు ఊరు ఊరంతా పోగైంది. ఆర్లో కొత్త గ్లౌజులు కూడా కొనుక్కున్నాడు. వెండెల్ ప్లగ్ బిగించాడు, బ్యాటరీ పెట్టాడు, ఒక్క కిక్కు కొట్టాడు. బండి లేచింది. వెర్నా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఎలా లేచింది బావా?" అన్నాడు ఆర్లో, గ్లౌజులు నలుపుతూ.

"పాన్‌కేకుల దగ్గర చెప్తాలే."

సరస్సు చుట్టూ తిరిగొచ్చి హాల్లో అందరూ కూర్చున్నాక వెండెల్ సీసా తీసి, ఆర్లో పళ్లెం పక్కన తేనె గిన్నె దగ్గర పెట్టాడు. ఆర్లో నమలడం మానేశాడు. వెర్నా దాన్ని అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఆరు తేదీలూ పైకి చదివింది. ఏడో వరస వెండెల్ చేతిరాత: 'నవంబరు. బావకి, ఒక మూత.'

హాలంతా గొల్లుమంది. వెర్నా నవ్వలేదు.

"రెండేళ్లు నా మొగుడు నీ వెనక బస్తాలా కూర్చున్నాడురా ఆర్లో. నీ తాళంచెవి ఇటియ్యి."

"ఎందుకక్కా?"

"ఇంకో చుట్టు తిరుగుదాం, నీ బండి నేను నడుపుతా. నీకు నేర్పింది నేనేగా. నువ్వెళ్లి మీ బావ వెనక కూర్చో."

నూటపది కిలోల ఆర్లో కిక్కురుమనకుండా వెళ్లి ఎర్ర బండి వెనక ఎక్కాడు.

"ఎంతసేపు బావా?" అన్నాడు నీరసంగా.

"పది నిమిషాలేరా," అన్నాడు వెండెల్.

చీకటి పడ్డాక తిరిగొచ్చారు.