నాటు గులాబీ చిగుళ్లు

పైడమ్మ కూతురి పురిటికని ధర్సీవా వెళ్తూ కొత్త కోడలు ఫణిశ్రీకి ఒక్క పనే అప్పగించింది: రైల్వే క్వార్టరు ముందున్న నాటు గులాబీకి నీళ్లు పొయ్యడం. పలాస నుంచి కొమ్మ తెచ్చి తన చేత్తో గుచ్చిన పొద అది. రాయపూర్ ఎండల్ని ఎన్నింటినో ఓర్చుకుని గోడెత్తు పెరిగింది. పూసిందంటే ఆకు కనబడేది కాదు.

ఫణిశ్రీ నీళ్లతో ఆగలేదు. ఆమెది గోదావరి జిల్లా కడియం. తండ్రి పున్నయ్య అక్కడో నర్సరీలో గులాబీలకు అంట్లు కట్టేవాడు. అంటు కింద నుంచి లేచే చిగురు అడవి మొక్కదనీ, వదిలేస్తే పై గులాబీ బలమంతా లాగేస్తుందనీ ఆమె చిన్నప్పటి నుంచీ విన్నదే. అత్తగారు మెచ్చుకుంటుందన్న ఆశతో పొద మొదట్లో లేచిన లేత కొమ్మలన్నీ కత్తెరతో కోసి చెత్తబండిలో వేసేసింది. నాటు గులాబీకి అంటు అనేదే ఉండదనీ, మొదట్నుంచి వచ్చే ఆ కొత్త కొమ్మలతోనే అది ఏటా బతుకుతుందనీ ఆమెకు తట్టలేదు. ముదురు కొమ్మలు మే ఎండకు ఒక్కొక్కటే ఎండిపోతుంటే గాని అర్థం కాలేదు.

తిరిగొచ్చిన పైడమ్మ పొదను చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఓలమ్మో! సిగురన్నది నేకుండా మేసీసింది! పక్కింటి ఆండాళమ్మ బకరీయే. దానికి నా సెట్టే దొరికిందేటి?"

ఫణిశ్రీ కాదనలేదు. అత్తగారి చేతికి మంచినీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగి ఓపిక తెచ్చుకుని, పైడమ్మ గోడ దగ్గరికెళ్లి మేకను వదిలేసిందని ఆండాళమ్మను నానా మాటలూ అంది.

"నా బకరిని తాడేసి కట్టిన. అది తింటుంటే నువ్వు చూసినవా?" అని అరిచింది ఆండాళమ్మ.

"సూడక్కర్నేదు. దాని మొగం సూస్తేనే తెలుస్తంది!"

ఇన్నేళ్లుగా కూరగిన్నెలు అటూ ఇటూ మారిన ఆ గోడ మీద మర్నాటి నుంచి ఒక్క గిన్నె కనబడలేదు. ఫణిశ్రీ చెప్పేద్దామని అత్తగారి వెనకే తిరిగేది. ఆమె ఇటు తిరగ్గానే, "ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?" అనేది.

ఆదివారం పొద్దున గోడవతల పార చప్పుడు వినిపించింది. పైడమ్మ ఎప్పుడో ఇచ్చిన కొమ్మతో పెంచుకున్న గులాబీని ఆండాళమ్మ మొదలంటా తవ్వుతోంది.

"నీ చెట్టు నాకొద్దు, తీస్కపో!"

ఇదీ పోతే పైడమ్మ గులాబీ ఇక ఎక్కడా మిగలదు. ఫణిశ్రీ చెప్పుల్లేకుండా పరుగెత్తి పార పట్టుకుంది.

"మేక కాదు పిన్నిగారూ. నేనే కోశాను. అంటుమొక్కనుకుని... చెప్పడానికి భయమేసింది."

పార ఆగింది. అప్పటికే సగం వేళ్లు బయటపడి ఉన్నాయి. గోడ మీదుగా చూస్తున్న పైడమ్మ కోడలితో కాదు, ఆండాళమ్మతో అంది:

"వదినా, ముందా ఏళ్లకి మన్ను కప్పు. నాను నీళ్లట్టుకొస్తాను. నన్ను తిట్టడానికి సాయంత్రం ఉంది."

"తిడ్త. ముందుగాల నా బకరికి మాఫీ చెప్పు," అంది ఆండాళమ్మ, మన్ను లోపలికి తోస్తూ.

ఇద్దరూ నవ్వలేదు గాని మాట కలిసింది. ఫణిశ్రీ కింద కూర్చుని వేళ్ల మీద మన్ను అదుముతుంటే ఎవరూ ఆమె వైపు చూడలేదు. తనను తిట్టినా బాగుండేదనిపించింది.